పెద్దవాళ్లను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకునేటప్పుడు ఏం చేయాలి, ఎలా చేయాలి

వరంగల్ ఎంజీఎంలోనో, హన్మకొండలోని ఏదో ఒక ప్రైవేటు ఆసుపత్రిలోనో పది రోజులుగా ఉన్న పెద్దాయనను డాక్టరు పొద్దున వచ్చి చూసి ‘రేపు ఇంటికి తీసుకుపోవచ్చు’ అనగానే కుటుంబమంతా బిల్లు, బండి, బట్టల మూటల పనిలో పడిపోతుంది. ఆ హడావుడిలో ఒక లెక్క తప్పిపోతుంది. అప్పటిదాకా వేళకు మందు వేసింది, బీపీ చూసింది, ఇన్సులిన్ ఇచ్చింది, మూత్రం కొలిచి రాసింది నర్సులు. వాళ్లు మూడు షిఫ్టుల్లో పంచుకుని చేసిన పనంతా మర్నాటి సాయంత్రానికి ఇంట్లో ఒకరిద్దరి మీద పడుతుంది, ఆ ఒకరిద్దరు ఎవరన్నది మాత్రం ఎవరూ అనుకుని ఉండరు. గుండె బలహీనత, షుగర్, కిడ్నీ జబ్బు, ఆయాసం, పక్షవాతం వంటి పూర్తిగా నయం కాని జబ్బులున్న పెద్దవాళ్లకు ఇంటికి వచ్చిన మొదటి రెండు మూడు వారాలే గడ్డుకాలం. ఆ రోజుల్లో మళ్లీ ఆసుపత్రికి పరుగెత్తవలసి వచ్చిందంటే, పని చేతులు మారిన చోట ఏదో ఒకటి జారిపోయి ఉండే అవకాశం చాలా ఎక్కువ.

డాక్టరు ‘రేపు’ అనకముందే

ఇంటికి పంపే మాట రావడానికి రెండు మూడు రోజుల ముందు ఒక నోటుపుస్తకం కొని, రోగికి నర్సులు ఒక రోజులో ఏమేం చేస్తున్నారో గంటల వారీగా రాసుకోండి. తర్వాత ఒక్కో పనికి ఎదురుగా ఇంట్లో దాన్ని చేసే మనిషి పేరు రాయండి. ‘అందరం చూసుకుంటాం’ అన్న మాటకు ఈ పుస్తకంలో చోటు లేదు, ఎందుకంటే అందరిదీ అయిన పని రాత్రి రెండు గంటలకు ఎవరిదీ కాదు. పేరు రాయలేని పని మిగిలిపోతే, ఆ సంగతిని డిశ్చార్జికి ముందే డాక్టరుకు చెప్పాలి. మూడు పూటల ఇన్సులిన్‌ను రెండు పూటలకు మార్చడం, ఇంటి దగ్గర నర్సును మాట్లాడుకోవడం, ఇంకో రెండు రోజులు అక్కడే ఉంచడం వంటి దారులు అప్పుడైతేనే ఉంటాయి.

పేరు రాసుకున్న మనిషి ఆ పనిని నర్సు చూస్తుండగా తన చేతులతో కనీసం రెండుసార్లు చేయాలి. పక్కన నిలబడి చూడడం వల్ల ఇన్సులిన్ ఎక్కించడం రాదు, ముక్కు గొట్టం ద్వారా జావ పోయడం అంతకన్నా రాదు. యూరిన్ గొట్టం ఉన్నవారికి సంచి ఎప్పుడూ పొట్ట కన్నా కిందనే వేలాడాలని, అయితే నేలకు తగలకూడదని, ఖాళీ చేసే ముందూ తర్వాతా చేతులు సబ్బుతో కడుక్కోవాలని, గొట్టాన్ని ఏ తేదీన మార్చాలని అక్కడే అడిగి తెలుసుకోండి.

ఇంకొక మాట కూడా ఉంది. ఇన్ని ఏర్పాట్లు చేస్తూ మంచం మీద ఉన్న మనిషిని అడగడం మరిచిపోతుంటాం. ఊళ్లో తన ఇంట్లో ఉంటానంటారా, పట్నంలో కొడుకు దగ్గరా, కూతురు దగ్గరా; స్నానం ఎవరు చేయిస్తే సిగ్గుపడకుండా ఉంటారు; పడుకునే చోటు ముందర అరుగు దగ్గర కావాలా, లోపలి గదిలోనా అన్నవి వారి నోటి నుంచే వినాలి.

డిశ్చార్జి కాగితాన్ని అక్కడే చదివించుకోవడం

డిశ్చార్జి సమ్మరీ చేతికి వచ్చాక కవరులో పెట్టేసి బయలుదేరకండి. డ్యూటీ డాక్టరు దగ్గర పది నిమిషాలు కూర్చుని, దానిలో ఉన్నదంతా తెలుగులో చెప్పమని అడగడం మీ హక్కు. ప్రధానంగా తెలుసుకోవలసినవి ఇవి: ఈసారి ఎందుకు చేర్చుకోవలసి వచ్చింది, పాత మందుల్లో ఏవి ఆపారు, ఏవి మార్చారు, ఏవి కొత్తవి, ఇంకా రావలసిన పరీక్షల ఫలితాలు ఏమైనా ఉన్నాయా, మళ్లీ ఏ రోజున ఎవరికి చూపించాలి. వీటితో పాటు బయలుదేరే రోజున ఉన్న బరువు, బీపీ, షుగర్, కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్, వేలికి పెట్టి చూసే ఆక్సిజన్ శాతం రాయించుకోండి. తర్వాత ఇంట్లో కొలిచే ప్రతి అంకెనూ ఈ అంకెలతోనే పోల్చుకోవాలి. కాగితాలన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసి ఇంట్లో ముగ్గురికి పంపండి.

ఆరోగ్యశ్రీ కింద చేరిన వారు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి, ఇంటికి వెళ్లేటప్పుడు ఇచ్చే మందులు, తర్వాతి పరీక్షలు తమ ప్యాకేజీలో ఏ మేరకు ఉన్నాయో అడగాలి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెరిగింది. అయితే అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సకు సంబంధించినది. నెలనెలా మందుల షాపులో అయ్యే ఖర్చును ఎలా భరించాలన్నది ఇంటివారే ముందుగా చూసుకోవాలి. బీపీ, షుగర్ మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు, జనౌషధి దుకాణంలో చాలా మందులు తక్కువ ధరకు దొరుకుతాయి. డబ్బుల కోసం మాత్రను రోజు విడిచి రోజు వేయడం కన్నా, ‘ఇంత ఖర్చు మా వల్ల కాదు, తక్కువ ధరది రాయండి’ అని డాక్టరును అడగడంలో నామోషీ ఏమీ లేదు.

మందులు: అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు జరిగే చోటు

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా బాపుకు గుండె బలహీనత. ఆసుపత్రికి వెళ్లకముందు వాడిన బీపీ మాత్రల స్ట్రిప్పులు ఇంట్లో డబ్బాలో ఉన్నాయి, ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన కొత్త మాత్రలు సంచిలో ఉన్నాయి. పాతవి ఆపమని కాగితం మీద ఎక్కడా లేదు, మేమూ అడగలేదు. నాలుగు రోజులు రెండూ వేశాం. అయిదో రోజు తెల్లవారుజామున బాత్రూముకు లేచి గడప దాటుతూ కళ్లు తిరిగి పడిపోయారు. తర్వాత తెలిసింది, రెండు వేర్వేరు పేర్లతో ఉన్న ఆ మాత్రల్లో ఉన్నది ఒకే మందు.

స్ట్రిప్పు మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. దానికి పైననో కిందనో చిన్న అక్షరాల్లో ఉండేది అసలు మందు పేరు. అందువల్ల ఇంటికి రాగానే, వీలైతే రాకముందే, ఇంట్లో ఉన్న పాత మందులన్నిటినీ నాటు మందులు, నిద్రమాత్రలు, నొప్పి మాత్రలతో సహా ఒక సంచిలో వేసి డాక్టరు ముందో, నమ్మకమైన ఫార్మసిస్టు ముందో కుమ్మరించి చిన్న అక్షరాల పేర్లు పోల్చి చూడమనండి. ఆపినవాటిని ఇంట్లోనే ఉంచకండి. మందుల షాపులో స్ట్రిప్పును కత్తిరించి అయిదో ఆరో మాత్రలు ఇస్తే పేరూ గడువు తేదీ తెగిపోతాయి, కాబట్టి పేరు కనిపించే ముక్కనే అడిగి తీసుకోండి.

తర్వాత ఒక పెద్ద కాగితం మీద తెలుగులో పట్టిక రాసి గోడకు అతికించాలి. చదవలేని పెద్దవాళ్లే మందులు వేసుకునే ఇంట్లో పొద్దుకు సూర్యుడు, రాత్రికి చంద్రుడు బొమ్మలు గీసి, ఆ కింద మాత్రను టేపుతో అంటించినా సరిపోతుంది. ఒంట్లో నీరు తీసే మాత్రలను డాక్టరు వేరేగా చెప్పకపోతే పొద్దున వేయాలి, రెండో మోతాదు ఉంటే మధ్యాహ్నం మూడు నాలుగు గంటల లోపు ముగించాలి. అవి రాత్రి వేస్తే నిద్ర పాడై, చీకట్లో నాలుగుసార్లు లేచి ఎక్కడో ఒకచోట పడతారు.

ఇన్సులిన్ విషయంలో ఒక ప్రమాదం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మన దగ్గర దొరికే ఇన్సులిన్ సీసాల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్లవీ, 100 యూనిట్లవీ ఉంటాయి, వాటికి సిరంజీలు కూడా వేరువేరు. సాధారణంగా ఎర్ర మూత సిరంజి 40 దానికి, నారింజ రంగు మూతది 100 దానికి. 100 రకం ఇన్సులిన్‌ను 40 సిరంజిలో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు. కాబట్టి సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటేనా అని ప్రతిసారీ చూడాలి. పెన్ను ద్వారా తీసుకునేవారు పెన్ను రీఫిల్లులోని మందును సిరంజితో లాగకూడదు. ఫ్రిజ్ లేని ఇంట్లో, మే నెల ఎండల్లో, వాడుతున్న సీసాను కొత్త కుండలో అడుగున తడి ఇసుక పోసి, దాని మీద గిన్నెలో పెట్టి మూసి ఉంచుకోవచ్చు. తెరిచిన సీసాను సుమారు నాలుగు వారాలకు మించి వాడకూడదు.

ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో పెద్దవాళ్లు సరిగ్గా తినరు, మందు మాత్రం పాత లెక్కనే పడుతుంది. చెమటలు, వణుకు, మాట తడబడడం, ఉన్నట్టుండి కోపం కనిపిస్తే షుగర్ చూడండి. 70 కన్నా తక్కువ ఉన్నా, చూసే మిషన్ లేకపోయినా, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు. 108కి ఫోన్ చేయాలి. తినని పూట ఇన్సులిన్ ఎంత వేయాలన్నది డిశ్చార్జి రోజే అడిగి రాసుకోవలసిన ప్రశ్న.

ఇక నొప్పి మందులు. ఒళ్లు నొప్పులంటే ఊళ్లోని ఆర్‌ఎంపీని పిలిచి సూది వేయించడం మనకు చాలాకాలంగా అలవాటు. ఆపదలో వెంటనే వచ్చే మనిషి ఆయనే కాబట్టి ఆయనను తప్పుపట్టను. కానీ డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మందులు గుండె బలహీనత, కిడ్నీ జబ్బు ఉన్నవారిలో నీరు పట్టేలా చేస్తాయి, కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయి. డిశ్చార్జి కాగితం ఫొటోను ఆర్‌ఎంపీకి కూడా పంపి, ఈ మనిషికి ఆ సూదులు వద్దని ముందే చెప్పి ఉంచండి. గుండెకు స్టెంటు వేయించుకున్నవారు రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్రలను పన్ను పీకించుకోవడానికైనా సరే గుండె డాక్టరును అడగకుండా ఆపకూడదు.

ఇల్లు, దారి

నులక మంచం కిందికి జారి గుంటలా ఉంటుంది, అందులోంచి బలహీనంగా ఉన్న మనిషి లేవలేడు. కూర్చుంటే పాదాలు నేలకు ఆనే ఎత్తులో, గట్టి పరుపు ఉన్న మంచం కావాలి. పెరట్లో ఉన్న మరుగుదొడ్డికి రాత్రి నడిపించే బదులు మంచం పక్కన కమోడ్ కుర్చీ పెట్టండి, మెడికల్ షాపుల్లో అద్దెకు కూడా దొరకవచ్చు. పొద్దున వాకిలి కడిగిన తడి ఆరేదాకా వారిని లేవనివ్వకండి. గడపకు తెల్ల రంగు వేయడం, రాత్రంతా చిన్న బల్బు వెలగనివ్వడం ఖర్చు లేని పనులు. మంచం మీద నుంచి లేచేటప్పుడు రెండు నిమిషాలు కాళ్లు కిందికి వేసి కూర్చుని, ఆ తర్వాతే నిలబడడం అలవాటు చేయాలి. ఆక్సిజన్ మిషన్ పెట్టుకునే ఇంట్లో కరెంటు పోతే వాడడానికి చిన్న సిలిండరు ఉండాలి, ఆ గదిలో బీడీ గానీ, దీపం గానీ, పొయ్యి గానీ వెలగకూడదు. ఆయాసం ఎక్కువైందని ఆక్సిజన్ వేగాన్ని మీరే పెంచకూడదు. దీర్ఘకాలంగా ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి చాలామందిలో వేలికి పెట్టి చూసే ఆక్సిజన్ 88 నుంచి 92 శాతం ఉంటే చాలు, అంతకు మించి ఎక్కిస్తే మత్తు కమ్మే ప్రమాదం ఉంది.

భూపాలపల్లి, ఏటూరునాగారం వైపు వెళ్లేవారికి దారి పొడవు కాబట్టి పొద్దున మందులూ తిండీ ముగించుకుని, కూర్చోబెట్టో, తల ఎత్తుగా పెట్టో తీసుకువెళ్లండి. చీకటి పడకముందే ఇల్లు చేరాలి, ఏదైనా మందు మరిచిపోతే అప్పుడైతేనే షాపులు తెరిచి ఉంటాయి.

మొదటి పది రోజులు

పొద్దున లేచి మూత్రానికి వెళ్లివచ్చాక, ఏమీ తినకముందు, అదే బట్టల మీద, అదే మిషన్ మీద బరువు చూసి పుస్తకంలో రాయాలి. గుండె బలహీనత ఉన్నవారి బరువు ఒక్క రోజులో కిలోకు మించి, లేదా మూడు రోజుల్లో రెండు కిలోల దాకా పెరిగిందంటే అది తిండి వల్ల వచ్చిన బరువు కాదు, నీరు. పాదాలు ఉబ్బకముందే, ఆయాసం రాకముందే బరువు ఆ సంగతి చెబుతుంది. ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేస్తే ఒక మాత్ర పెంచడంతో పోయేది, నాలుగు రోజులు ఆగితే మళ్లీ ఆసుపత్రి మంచం దాకా వస్తుంది. నిన్న ఒక దిండుతో పడుకున్న మనిషి ఈ రోజు మూడు దిండ్లు అడుగుతున్నారా అన్నది కూడా గమనించి రాయండి.

నీళ్లు కొలిచి తాగమన్నవారికి డాక్టరు చెప్పినన్ని నీళ్లు పొద్దున ఒక బాటిల్‌లో నింపి పెట్టండి. చాయ్, మజ్జిగ, పచ్చిపులుసు తీసుకున్నప్పుడు అంత నీటిని బాటిల్‌లోంచి పారబోస్తే లెక్క సరిపోతుంది. ఉప్పు దగ్గర మన ప్రాంతపు వంటతో ఇబ్బంది ఎక్కువ. కూరలో ఉప్పు తగ్గించి పక్కన మామిడికాయ తొక్కు పెడితే ఫలితం ఉండదు; అప్పడాలు, సకినాలు, దుకాణం మిక్చరు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. నోరు చప్పబడిందనే పెద్దవాళ్లకు నిమ్మరసం, ఎల్లిగడ్డ, జీలకర్ర, కొత్తిమీరతో రుచి తెప్పించవచ్చు. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది, కిడ్నీ జబ్బున్నవారికి అది ప్రమాదకరం. చూడటానికి వచ్చే చుట్టాలు ప్రేమతో తెచ్చే కొబ్బరి బోండాలూ అరటిపండ్లూ కూడా వారికి డాక్టరును అడగకుండా ఇవ్వరాదు. బోండాం వద్దంటే చుట్టాలు నొచ్చుకుంటారు. పిల్లలకు తాగించి పంపండి, మర్యాద నిలుస్తుంది.

మంచం దిగలేని వారిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, నడుము కింది భాగం, మడమలు, తుంటి దగ్గర చర్మం ఎర్రబడిందా అని రోజూ చూడాలి. పక్షవాతం వచ్చినవారికి పడుకోబెట్టి ఏదీ తినిపించకూడదు. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో, మింగారని చూసుకున్నాకే రెండో ముద్ద పెట్టాలి. పలచని నీళ్ల కన్నా చిక్కటి జావ వారికి సులువుగా దిగుతుంది.

కొందరు పెద్దవాళ్లు ఇంటికి వచ్చిన రెండో రాత్రో, మూడో రాత్రో చనిపోయిన వాళ్లను పిలుస్తారు, గోడ మీద ఎవరో ఉన్నారంటారు, పగలు మత్తుగా పడుకుని రాత్రి లేచి బయటికి నడుస్తారు. గాలి సోకిందని తాయెత్తు కట్టించేవాళ్లు, ముసలితనమని వదిలేసేవాళ్లు ఇద్దరూ ఉన్నారు. ఇలా ఉన్నట్టుండి మతి మారడానికి వెనుక మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మూత్రం రాక లోపలే నిలిచిపోవడం, మలబద్ధకం, ఒంట్లో సోడియం తగ్గడం, షుగర్ పడిపోవడం, కొత్త మందు పడకపోవడం వంటి కారణం ఏదో ఒకటి ఉంటుంది, వెతికి సరిచేస్తే చాలామంది మళ్లీ మామూలవుతారు. అందుకే మర్నాడే డాక్టరుకు చూపించాలి. ఈలోగా వారి కళ్లద్దాలు, చెవి మిషన్ పెట్టి, పగలు వెలుతురులో కూర్చోబెట్టి, తెలిసిన గొంతుతో పేరు పెట్టి మాట్లాడండి. తాయెత్తు కట్టినా కట్టండి గానీ, పరీక్ష మానకండి.

ఎప్పుడు ఎవరిని పిలవాలి

కూర్చున్నా తగ్గని ఆయాసం, గుండెలో నొప్పి, స్పృహ తప్పడం, మూతి వంకరపోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. పక్షవాతానికి మెదడులోని రక్తపు గడ్డను కరిగించే సూది లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే పనికివస్తుంది, కాబట్టి ‘తెల్లారినాక చూద్దాం’ అనుకోకూడదు. జ్వరం, మూత్రం తగ్గడం, రెండు పూటలు తినకపోవడం, కొత్తగా కాళ్ల వాపు వంటివాటికి అదే రోజు డాక్టరుకు ఫోన్ చేస్తే సరిపోతుంది. ఈ రెండు జాబితాలనూ మందుల పట్టిక పక్కనే అతికించండి.

మీ ఊరి ఆశా కార్యకర్తకూ ఏఎన్‌ఎంకూ మొదటి రోజే కబురు పెట్టండి, బీపీ చూడటానికీ మాత్రలు అందడానికీ వారే దగ్గరి మనుషులు. పెద్దల సమస్యల కోసం 14567 హెల్ప్‌లైన్ ఉంది. నయమయ్యే దశ దాటి నొప్పితో, ఆయాసంతో బాధపడే వారికి ప్రభుత్వ పాలియేటివ్ కేర్ సేవల గురించి జిల్లా ఆసుపత్రిలో అడగవచ్చు. అది చావు కోసం ఎదురుచూసే చోటన్న భయం అక్కర్లేదు, బాధ తగ్గించే వైద్యం అది.

చేసే మనిషి సంగతి కూడా పుస్తకంలో ఉండాలి. చాలా ఇళ్లలో ఆ మనిషి కోడలో, కూతురో, డెబ్బై దాటిన భార్యో అయి ఉంటుంది. వారానికి ఒక పూర్తి రోజు, రోజుకు ఆరు గంటల నిద్ర ఆమెకు దొరికేలా పేర్లు మార్చి రాయండి. హైదరాబాద్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న కొడుకు రాత్రి మంచం పక్కన కూర్చోలేకపోవచ్చు గానీ, మందులు తెప్పించడం, డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకోవడం, రోజూ సాయంత్రం పుస్తకంలోని అంకెలు అడిగి చూడడం అతని పేరు మీద రాయవచ్చు.

వారం పది రోజుల్లో మళ్లీ చూపించే రోజు వస్తుంది. ఒంట్లో బాగానే ఉందని ఆ రోజును దాటవేయకండి. బరువు, బీపీ, షుగర్ రాసిన పుస్తకం, వాడుతున్న మందులన్నీ ఉన్న సంచి, డిశ్చార్జి కాగితం తీసుకుని, మందులు వేసే మనిషే వెంట వెళ్లాలి. రావలసిన పరీక్ష ఫలితాలు వచ్చాయా, వీటిలో ఇక ఆపదగిన మాత్రలు ఉన్నాయా, నొప్పికి ఏది వేయవచ్చు అని అడగండి. డాక్టరు ఏదైనా మార్చితే ఇంటికి రాగానే కొత్త పట్టిక రాసి గోడకు పెట్టి, పాతదాన్ని చింపేయండి. రెండు పట్టికలు ఒకే గోడ మీద ఒక్క రాత్రి కూడా ఉండకూడదు.